పసుపు బొట్టుకు నిలిచిన శుభలేఖ: ఇంటి తయారీపై సమీక్ష

మా అమ్మాయి పెళ్ళికి శుభలేఖలను దుకాణంలో అచ్చువేయించకుండా ఇంట్లోనే తయారు చేసుకున్నాము. అందుకు వాడిన చేతి కాగితం, పెడనలో చెక్కించిన కొయ్య అచ్చు, ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు, లేజర్ ముద్రణ, కవర్లు ఎంతవరకు పనికివచ్చాయో, వాటికి పెట్టిన డబ్బుకు, శ్రమకు తగిన ఫలితం దక్కిందో లేదో ఈ సమీక్షలో వివరిస్తాను. రెండు వందల లోపు పత్రికలు చాలినవారికి, ఇంట్లో కనీసం ముగ్గురు మనుషుల సాయం ఉన్నవారికి, ముహూర్తానికి నలభై ఐదు రోజుల ముందే పని మొదలుపెట్టగలిగినవారికి ఈ పద్ధతిని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నాలుగైదు వందల పత్రికలు కావలసినవారు మాత్రం దుకాణానికి వెళ్ళడమే మంచిది.

ఏ శుభలేఖనైనా తూచడానికి నేను పెట్టుకున్న ప్రమాణం ఒక్కటే. అది పసుపుకు నిలవాలి. మన ఇళ్ళలో పత్రిక నాలుగు మూలలా పసుపు పెట్టనిదే, మొదటిదాన్ని దేవుడి ముందు ఉంచనిదే ఎవరి చేతికీ ఇవ్వము. ఆ పసుపును నీళ్ళతో కలిపి పెడతాము కాబట్టి పత్రిక ప్రతి మూలా తప్పనిసరిగా తడుస్తుంది. పైగా పిలుపులకు వెళ్ళినప్పుడు కుంకుమ అంటిన వేళ్ళతోనే పత్రికను తీసి చేతికి అందిస్తాము. ఇంట్లో ఆహ్వానపత్రాలు చేసుకోవడం గురించి దొరికే సలహాల్లో చాలా వరకు ఈ విషయాన్ని లెక్కలోకి తీసుకోవు. రిబ్బన్ల గురించి, ఎండిన పూల గురించి, మైనపు ముద్రల గురించి చెబుతాయి గాని తడి చేతిని గురించి చెప్పవు. అందుకని ఏ కాగితమైనా, ఏ సిరా అయినా ముందు ఒక చెంచాడు పసుపు ముద్ద కలిపి, మూలలోను, అక్షరాల మీదను రాసి, పది నిమిషాలు ఉంచి తుడిచి చూశాకే కొన్నాము.

ఆ పరీక్షలో మొదట ఓడినది మా ఇంట్లోని ఇంక్ ట్యాంక్ ప్రింటర్. రంగుల్లో ఇంట్లోనే ముద్రించుకుంటే ఖర్చంతా కలిసివస్తుందని మేము ఆశపడ్డాము. శ్రీకారాన్ని, పై వరుసను కుంకుమ రంగులో, తక్కిన పాఠాన్ని నలుపులో పెట్టి ఒక నమూనా తీశాము. తెరమీద కన్నా కాగితం మీదే అందంగా కనబడింది. పసుపు రాయగానే నల్లని అక్షరాలు చెక్కుచెదరలేదు గాని, కుంకుమ రంగు కరిగి పసుపులో కలిసి మూల అంతా బురదలా తయారైంది. ఇలాంటి ప్రింటర్లలో చాలావాటికి నలుపు సిరా నీటిలో కరగని సన్నని పొడితో తయారవుతుంది, మిగతా రంగులు నీటిలో కరిగే వర్ణద్రవాలతో తయారవుతాయి. అందువల్లే ఒకే పుట మీద ఒకటి నిలిచి మరొకటి కారిపోయింది. మీ ప్రింటర్ సిరాలు ఏ రకానివో డబ్బా మీద చూసుకోండి. చూసుకున్నా సరే, పసుపు పరీక్ష మాత్రం మానవద్దు.

లేజర్ ముద్రణకు ఈ బాధ లేదు. అందులో సిరాకు బదులు ప్లాస్టిక్ లాంటి సన్నని పొడిని వేడితో కాగితం మీద కరిగించి అతికిస్తారు కాబట్టి నీళ్ళు తగిలినా అక్షరం కదలదు. రంగుల లేజర్ ముద్రణకు మా ఊరి జిరాక్స్ కేంద్రంలో పుటకు 10 రూపాయలు చెప్పారు, నలుపు ఒక్కటే అయితే 3 రూపాయలు. మేము అక్షరాలను నలుపులో లేజర్ మీద తీయించి, ఎరుపును కొయ్య అచ్చుతో చేత్తో వేసి, మూడో రంగును పసుపుకే వదిలిపెట్టాము. ఖర్చు కోసం చేసుకున్న ఈ సర్దుబాటే చివరికి పత్రికకు అందం తెచ్చింది. పుట నిండా రంగులు లేకపోవడం వల్ల మూలల్లోని పసుపు ఎంత చక్కగా కనబడిందంటే, మా అక్క చూసి అది కూడా అచ్చు వేసిందేనా అని అడిగింది.

కాగితం విషయంలో మూడు రకాలను పరీక్షించాము. మెరుపు పూత ఉన్న ఆర్ట్ కార్డు మీద అక్షరం కత్తిరించినట్టు పడుతుంది గాని పసుపు పట్టదు. ఎండగానే పెచ్చులుగా లేచి కవరు అడుగున రాలుతుంది. పూత లేని ఐవరీ కార్డు మీద పసుపు బాగా పడుతుంది, అక్షరమూ బాగుంటుంది, ధర కూడా తక్కువ. ఏ రకమూ తేల్చుకోలేనివారికి నేను దానినే సూచిస్తాను. మేము మాత్రం గుడ్డ పీలికల గుజ్జుతో చేసే చేతి కాగితాన్ని ఎంచుకున్నాము. దాని మీద పసుపు లోపలికి ఇంకి, ఎండాక కాగితంలో పుట్టిన రంగులాగే ఉంటుంది. మిల్లు కాగితంలో పోగులు చాలావరకు ఒకే దిశలో పడుకుని ఉంటాయి కనుక ఆ దిశకు అడ్డంగా మడిస్తే మడత పగులుతుంది. చేతి కాగితంలో పోగులు అన్ని వైపులకూ అల్లుకుని ఉంటాయి కాబట్టి ఎటు మడిచినా ఒకేలా ఒదుగుతుంది. ఏ ఫోర్ పరిమాణంలో, చదరపు మీటరుకు 180 గ్రాముల మందంలో, లేత గోధుమ వన్నె కాగితం ఒక్కోటి 12 రూపాయలకు దొరికింది. ఒక్క కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న పత్రిక వస్తుంది. పాఠానికి ఆ కొలత చక్కగా సరిపోతుంది.

ఈ కాగితంతో వచ్చే ఇబ్బందిని కూడా దాచకుండా చెప్పాలి. మొదట తీసుకెళ్ళిన చోట దీన్ని యంత్రంలో పెట్టడానికే ఒప్పుకోలేదు. కాగితం నూగు రాలి లోపలి భాగాలు పాడవుతాయన్న వారి భయంలో నిజం లేకపోలేదు. గరుకు కాగితం మీద గుంటలున్న చోట పొడి సరిగా అంటక, గోటితో గీరితే అక్షరం ఊడివస్తుంది. మరోచోట, చేతి కాగితంలోనే బాగా ఒత్తి నునుపు చేసిన రకం ఉంటుందని, అది తెస్తే వేస్తామని చెప్పారు. ఆ రకం తెచ్చాక, యంత్రంలో మందపు కాగితం అన్న అమరిక ఎంచుకుని, ఒక్కొక్క కాగితాన్ని చేత్తో అందిస్తూ ముద్రించారు. అమరిక మార్చినప్పుడు యంత్రం నెమ్మదిగా నడిచి కాగితానికి ఎక్కువ వేడి తగిలిస్తుంది కాబట్టి అక్షరం గట్టిగా అంటుకుంటుంది. కాబట్టి కాగితం మొత్తం కొనేముందు రెండు నమూనాలు తీసుకుని ముద్రించేవారి దగ్గరకు వెళ్ళండి. మేము ఆ వరుసను తలకిందులుగా చేసి ఒక వారం పోగొట్టుకున్నాము.

ఇక కొయ్య అచ్చు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ ప్రయత్నం మొత్తంలో నాకు అత్యంత తృప్తినిచ్చిన వస్తువు అదే. కృష్ణా జిల్లాలోని పెడన ఊరు మచిలీపట్నం (బందరు) కలంకారీకి, అంటే బట్టల మీద సహజమైన రంగులతో బొమ్మలు వేసే కళకు, ఆయువుపట్టు. శ్రీకాళహస్తి కలంకారీలో కలంతో గీస్తారు, బందరు కలంకారీలో కొయ్య అచ్చులతో అద్దుతారు. ఆ అచ్చులను టేకు చెక్క మీద చేత్తో చెక్కేవారు పెడనలో ఉన్నారు. గుడివాడ మీదుగా బందరు వెళ్ళే రైలు అక్కడ ఆగుతుంది. బట్టల అద్దకానికి చెక్కేవారు కాగితానికి చెక్కుతారో లేదో అన్న సందేహంతోనే వెళ్ళాము గాని, చెక్కడంలో తేడా ఏమీ లేదని, రంగు కలుపుకోవడంలోనే ఉంటుందని ఆ పనివాడు మొదటి మాటలోనే చెప్పాడు. మేము గీసుకు వెళ్ళిన బొమ్మలో కలశం, దాని మీద కొబ్బరికాయ, చుట్టూ మామిడాకులు, కింద వధూవరుల పేర్లు ఉన్నాయి. ఆయన చాలాసేపు దాన్ని చూసి, పేర్ల మీద వేలు పెట్టాడు.

“ఇవి వద్దండీ. చెక్కమంటే తిరగేసి చెక్కుతాను గాని, మన ఒత్తులు మరీ సన్నం. గుద్దుడికి గీత నిలవదు. బొమ్మ నాకు వదిలేయండి, అక్షరాలు మిషనుకు వదిలేయండి.”

ఆ సలహా వినడం మా అదృష్టం. కొయ్య మీద నిలబడాలంటే గీతకు కనీసం ఒక మిల్లీమీటరు మందం ఉండాలని, పక్కపక్క గీతల మధ్య కూడా అంతే ఖాళీ ఉండాలని, లేకపోతే రంగు పేరుకుని బొమ్మ ముద్దగా పడుతుందని ఆయన చూపించి చెప్పాడు. మా బొమ్మలో కొబ్బరి పీచు గీతలు పద్దెనిమిది ఉంటే ఏడుకు తగ్గించాడు. మామిడాకుల ఈనెలను తీసేసి ఆకు మధ్య ఒక్క గాడి పెట్టాడు. మూడు అంగుళాల వెడల్పున్న ఆ అచ్చుకు 800 రూపాయలు తీసుకున్నాడు. వారం తరువాత చేతికి వచ్చినప్పుడు చెక్క నూనె పీల్చి నల్లగా మెరుస్తోంది. గాలి చిక్కుకుని బొమ్మ మధ్యలో తెల్లమచ్చ పడకుండా వెనుకవైపుకు సన్నని రంధ్రాలు కూడా ఉన్నాయి. రెండు వందలకు పైగా అచ్చులు వేశాక కూడా ఒక్క అంచు అరగలేదు. ఈ సమీక్షలో దేనికైనా పూర్తి మార్కులు ఇవ్వవలసి వస్తే ఈ అచ్చుకే ఇస్తాను.

అయితే అచ్చు ఎంత గొప్పదైనా అద్దడం చేతకాకపోతే ప్రయోజనం లేదు. కలంకారీలో వాడే సహజమైన రంగులు కరక్కాయ రసంలో నానిన బట్టకు పడతాయి గాని కాగితానికి పనికిరావు. రబ్బరు స్టాంపు సిరా పసుపు పరీక్షలో కారిపోయింది. గుడ్డల మీద అద్దడానికి, తెర అచ్చుకు (స్క్రీన్ ప్రింటింగ్) వాడే, జిగురు కలిపిన ముదురు ఎరుపు రంగు మాకు సరిపోయింది. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో తడి గోనెగుడ్డ, దాని మీద పాత కంబళి ముక్క, దాని మీద పల్చని మల్లుగుడ్డ పరిచి, రంగును ఆ పై గుడ్డకు పట్టించాము. అచ్చును దాని మీద రెండుసార్లు తేలికగా ఆనించి, కాగితం మీద నిలిపి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాలి. మొదటి పది పదిహేను అచ్చులు మచ్చలు మచ్చలుగా పడ్డాయి. కారణం రంగులో వెతికాము గాని తప్పు బల్లది. గట్టి బల్ల మీద కాగితం ఒదగదు. నాలుగు మడతల గొంగళి పరిచి దాని మీద కాగితం పెట్టాక బొమ్మ అంచులతో సహా నిండుగా పడింది. ప్రతి ఇరవై అచ్చులకు ఒకసారి పాత పళ్ళబ్రష్షుతో గాళ్ళలోని రంగును కడిగి, తుడిచి, ఆరాకే మళ్ళీ మొదలుపెట్టాలి.

ముందు అక్షరాలు ముద్రించి, తరువాతే బొమ్మ అద్దాలి. అద్దిన కాగితాన్ని లేజర్ యంత్రంలో పెడితే ఆ వేడికి రంగు లోపల అంటుకునే ప్రమాదం ఉంది. కాని ఈ వరుస వల్ల, అద్దడంలో పొరపాటు జరిగితే ముద్రించిన కాగితం కూడా వృథా అవుతుంది. అందుకే 100 కాగితాలు చాలేచోట 115 కొన్నాము. మార్గశిర మాసపు చలికి రంగు ఆరడం ఆలస్యమైంది. గుడ్డ మీద రంగు నిలవడానికి ఇస్త్రీ చేస్తారు కదా అని మా ఆవిడ, నేను కలిసి పత్రికల మీద కూడా ఇస్త్రీ పెట్టె నడిపాము. ఎరుపు రంగు గట్టిపడింది గాని, వేడికి నల్లని అక్షరాలు మెత్తబడి అడుగున పరిచిన కాగితానికి అంటుకున్నాయి. అలా ఎనిమిది పత్రికలు పోయాయి. లేజర్ ముద్రణ మీద ఇస్త్రీ పెట్టె పెట్టకండి. రెండు రోజులు నులక మంచం మీద విడివిడిగా ఆరబెట్టితే చాలు. మొత్తం మీద 230 పత్రికల్లో 21 చెడ్డాయి.

పాఠం గురించి చెప్పవలసినది చాలా ఉంది, ఎందుకంటే అచ్చు చెదిరితే ఒక పత్రిక పోతుంది గాని, పాఠంలో అక్షరం తప్పితే అన్నీ పోతాయి. తెలుగులో శుభలేఖ కూర్చుకోవడానికి ఇప్పుడు డబ్బు పెట్టి కొనవలసిన సాధనం ఏదీ లేదు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వారు ఉచితంగా అందించిన యూనికోడ్ ఫాంట్లు (ఏ కంప్యూటరులోనైనా ఒకే సంకేతాలతో నడిచేవి) గూగుల్ ఫాంట్లలో దొరుకుతాయి. వాటిలో మండలి ఫాంటు పాఠానికి చాలా అనుకూలం. చిన్న పరిమాణంలో కూడా ఒత్తులు, గుడులు విడివిడిగా కనబడతాయి. రామరాజ, పొన్నాల వంటి అలంకార ఫాంట్లు పేర్లకు, శీర్షికకు బాగుంటాయి గాని వాటితో పాఠం మొత్తం కూర్చితే పెద్దవారు చదవలేరు. ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ రైటర్ ప్రోగ్రాములో కూర్చితే సంయుక్తాక్షరాలు సరిగా వచ్చాయి. అక్షరం 12 పాయింట్లకు తగ్గకుండా, వరుసల మధ్య దూరం ఒకటిన్నర వంతు ఉండేలా చూసుకోండి. ఇంగ్లీషు పాఠానికి సరిపోయే దూరం మనకు చాలదు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

కూర్చిన దాన్ని పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వడం చాలా ముఖ్యం. మన ఊళ్ళలో అచ్చుపని చేసేవారిలో చాలామంది ఇప్పటికీ “అను” అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పుటలు కూర్చే ప్రోగ్రాముతో పని చేస్తారు. ఆ పద్ధతికి వారి చేతులు ఎంత అలవాటుపడ్డాయో చూస్తే గౌరవం కలుగుతుంది. కాని “అను” ఫాంట్లలో అక్షరాల సంకేతాలు వేరు, యూనికోడ్ సంకేతాలు వేరు. మేము మొదట ఫైలును మామూలుగానే ఇచ్చినప్పుడు, వారు దాన్ని తమ పద్ధతిలోకి మార్చగా, చి॥ల॥సౌ॥ అన్న చోట ఔత్వం ఎగిరిపోయి “స” మాత్రం మిగిలింది. ఒక వత్తు పక్క అక్షరం కిందికి జరిగింది. పీడీఎఫ్‌లో అక్షరాల రూపం కూడా ఫైలులోనే కలిసి ఉంటుంది కాబట్టి ఏ కంప్యూటరులో తెరిచినా మారదు.

తప్పులు చూడడానికి మేము పాటించిన పద్ధతి మాకు బాగా ఉపయోగపడింది. పాఠాన్ని పెళ్ళితో సంబంధం లేని ఒకరితో బిగ్గరగా చదివించి, అసలు ప్రతిని మరొకరు పట్టుకుని సరిచూశారు. మన కళ్ళకు మన బంధువుల పేర్లు అలవాటైపోయి తప్పు కనబడదు. లగ్నపత్రికలో పురోహితుడు రాసిన తిథి, వార, నక్షత్రాలను ఆయనతోనే మరొకసారి చూపించుకున్నాము. మాది రాత్రి ముహూర్తం. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, గడియారంలో తేదీ అర్ధరాత్రికే మారుతుంది. కాబట్టి బుధవారం రాత్రి రెండు గంటల ముహూర్తానికి కేవలం బుధవారం తేదీ వేస్తే ఒక రోజు ముందే బయలుదేరేవారుంటారు, గురువారం తేదీ మాత్రమే వేస్తే పెళ్ళి అయిపోయాక వచ్చేవారుంటారు. “తెల్లవారితే గురువారం” అన్న పాత మాటను తీసేయవద్దు. ఆ రెండు మాటలు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పలేదు. దాని కింద విందు సమయాన్ని తేదీతో సహా వేరే వరుసలో ఇవ్వండి. అలాగే వివాహం రిజిస్టరు చేయించుకునేటప్పుడు శుభలేఖను కూడా అడుగుతారు కనుక, ఇంటి పేరుతో సహా వధూవరుల పూర్తి పేర్లు వారి ఆధార్‌లో ఉన్నట్టే ఉండేలా చూసుకోవాలి. ముద్దుపేరు వేయాలని మనసైనా పూర్తి పేరు మాత్రం తప్పక ఉండాలి.

కల్యాణ మండపానికి దారి చూపే క్యూఆర్ గుర్తును మొదట చేతి కాగితం మీదే ముద్రించాము. కాగితం గరుకుకు చిన్న గడులు చెదిరి కొన్ని ఫోన్లకు అందలేదు. దాన్ని మామూలు తెల్ల కాగితం చీటీ మీద రెండు సెంటీమీటర్ల కొలతలో విడిగా తీసి పత్రికలో ఉంచాము. అలా ఉంచడమే మేలైంది. శుభలేఖ దాచుకునేవారు ఆ చీటీని తీసేసి దాచుకున్నారు.

మడతకు ప్రత్యేకమైన పనిముట్టు అవసరం లేదు. ఉక్కు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక్క గీత గీసి మడిస్తే మడత సూటిగా వస్తుంది. అక్షరాలు మడత మీద పడకుండా పాఠాన్ని కాస్త లోపలికి జరపండి, ఎందుకంటే మడిచిన చోట లేజర్ అక్షరం పొట్టులా రాలుతుంది. కవర్లు కూడా ఇంట్లోనే చేయాలని ఇరవై చేశాము. ఆ ఇరవైకే ఒక సాయంత్రం పట్టింది. తెల్ల జిగురు పెట్టిన చోట కాగితం ముడతలు పడింది. ఒక్కోటి రెండున్నర రూపాయలకు దొరికే గోధుమ రంగు కవర్లను కొని, వాటి మూలకు పసుపు పెట్టడంతో ఆ పని సరిపెట్టుకున్నాము. ఇంటి తయారీ అన్నాము కదా అని ప్రతిదీ ఇంట్లోనే చేయనక్కరలేదు. తపాలాలో పంపినవాటికి పత్రిక, కవరు కలిపి పది పన్నెండు గ్రాములే తూగింది కనుక 20 గ్రాముల లోపు ఉత్తరానికి అంటించే 5 రూపాయల బిళ్ళ చాలింది. మందం ఎక్కువున్న కార్డులు, పెట్టె లాంటి పత్రికలు ఎంచుకునేవారు ఈ తూకాన్ని కూడా గుర్తు పెట్టుకోవాలి. మొదటి పత్రికను ఆనవాయితీ ప్రకారం తిరుమల శ్రీవారికి పంపాము.

ఖర్చు లెక్క ఇది. కాగితానికి 1,380 రూపాయలు, రెండు వైపులా ముద్రణకు 690, కోతకు 50, అచ్చుకు 800, రంగు, జిగురు, గుడ్డలకు 350, కవర్లకు 550. మొత్తం 3,820 రూపాయలు, అంటే 200 పత్రికలకు పంచితే ఒక్కోదానికి 19 రూపాయల 10 పైసలు. దాదాపు ఇదే అందం ఉన్న పత్రికకు దుకాణంలో ముద్రణతో కలిపి 28 రూపాయలు చెప్పారు కాబట్టి 200 పత్రికలకు మిగిలినది 1,780 రూపాయలు. పెడన ప్రయాణాన్ని ఇందులో కలపలేదు, ఎందుకంటే బందరులో బంధువులను పిలవడానికి ఎలాగూ వెళ్ళవలసి ఉంది. చేతి కాగితానికి బదులు 5 రూపాయల ఐవరీ కార్డు వాడి ఉంటే పత్రిక ఖరీదు 15 రూపాయలకు దిగేది. వీటికంటే చవకైన పత్రికలు దుకాణాల్లో లేవని నేను అనను. పల్చని అట్ట మీద ఒకే రంగులో వేసేవి ఇంకా తక్కువకు దొరుకుతాయి. డబ్బు ఒక్కటే ముఖ్యమైతే అవే తీసుకోవాలి. మేము చేసిన పత్రిక అంతకంటే ఖరీదైనదే, కాని దానితో పోల్చదగిన పత్రికకంటే చవకైనది.

నిజానికి పెద్ద పొదుపు తయారీలో రాలేదు, జాబితాలో వచ్చింది. మొదట మా జాబితాలో 420 కుటుంబాలు ఉండేవి. చేత్తో ఇన్ని చేయలేమని తేలినప్పుడు కూర్చుని జాబితాను రెండుగా విడదీశాము. ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవవలసినవారికి, దూరాన ఉన్న పెద్దలకు చేతి పత్రిక. మిగతావారికి అదే పత్రిక పీడీఎఫ్‌ను ఫోనులో పంపి, వెంటనే స్వయంగా మాట్లాడి పిలవడం. పత్రిక అందలేదని ఎవరైనా నొచ్చుకుంటారేమోనని మా ఆవిడ చాలా మథనపడింది. అలాంటివారు ఇద్దరు ఉన్నారు కూడా. ఆ ఇద్దరి ఇళ్ళకూ మేమే వెళ్ళి మిగిలినవాటిలోంచి ఇచ్చి వచ్చాము. అందుకే లెక్కకు మించి కొన్ని పత్రికలు చేసి ఉంచుకోవాలని గట్టిగా చెబుతున్నాను. ఇంటి పత్రికను మళ్ళీ వేయించడం దుకాణం పత్రికంత తేలిక కాదు.

ఈ పద్ధతిలో నాకు నచ్చనివి రెండు మిగిలాయి. ఏ రెండు పత్రికలూ ఒకేలా ఉండవు. ఒకదానిలో కలశం కొంచెం ఎడమకు వాలుతుంది, మరొకదానిలో రంగు పలచబడుతుంది. చాలామందికి అది అందంగానే తోచింది గాని, వియ్యంకుల వారికి ఇవ్వవలసినవాటిని మేము వెతికి వెతికి వేరు చేయవలసి వచ్చింది. రెండవది కాలం. అద్దడానికి రెండు ఆదివారాలు, మడతకు, పసుపుకు మరో ఆదివారం పట్టింది. పెళ్ళి పనులు ముమ్మరమైన రోజుల్లో మూడు ఆదివారాలు తేలికైన విషయం కాదు. పసుపు పెట్టే పనిని పత్రికలు పంచడానికి రెండు మూడు రోజుల ముందే ముగించి, పైన బరువు పెట్టి ఉంచండి. తడి మూలలు ఆరుతూ పైకి లేస్తాయి. ఆ పని చేసేవారు తాంబూలం చుట్టే చోటికి దూరంగా కూర్చోవాలి. సున్నం అంటిన వేలు తగిలితే పసుపు అక్కడికక్కడ ఎర్రబడుతుంది. మా పత్రికల్లో మూడింటికి అలా ఎర్రని మూలలు వచ్చాయి.

అచ్చు మీద పేర్లు చెక్కించుకోకపోవడం వల్ల కలిగిన మేలు తరువాత తెలిసింది. అదే కలశాన్ని తాంబూలం ఇచ్చే నూలు సంచుల మీద అద్దాము. గుడ్డ మీద అది కాగితం మీద కన్నా నిండుగా పడింది. సంచులకు ఇస్త్రీ చేశాక రెండు ఉతుకులకు కూడా రంగు పోలేదు. పెళ్ళి అయిన నెలకు ఎదురింటివారు గృహప్రవేశ పత్రికలకని అచ్చు అడిగారు. పళ్ళబ్రష్షుతో గాళ్ళు శుభ్రం చేసి, నువ్వుల నూనె రాసి, గొంగళి ముక్కతో సహా ఇచ్చాము.